బుట్టలో నాలుగో ఫోను

“అంటే నా పాదం మంచిది కాదంటావ్. అంతేగా?”

అత్తగారు అడిగింది మనవరాలినే. చూపు మాత్రం కోడలి మీద ఉంది. ఆ ఇంట్లో ఏ ప్రశ్నయినా ఇలా దారి మళ్ళి రావడం మామూలే.

“పాదం సంగతి నేనెక్కడన్నాను నాన్నమ్మా?” అంది పిడుగు. కాలేజీలో రెండో ఏడు చదువుతున్న పిల్లని ఇంట్లో ఇంకా పిడుగు అనే పిలుస్తారు. ఆ పేరుకి ఆ పిల్ల ఏ రోజూ అన్యాయం చేయలేదు. “ఈ మూడు వారాల్లో సాయంత్రం పూట నెట్ సరిగ్గా వచ్చింది ఒక్క రోజే. మొన్న గురువారం. ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు. ఉన్న మాటే చెప్పాను.”

“విన్నావా?” అంది అత్తగారు, ఈసారి కొడుకుతో. “ఉన్న మాటేనట.”

కొడుకు లిఫ్టు మెకానిక్కు. పొద్దుటినుంచీ పదకొండో అంతస్తుకీ సెల్లారుకీ మధ్య తిరిగి తిరిగి అప్పుడే వచ్చాడు. ఇంకా బూట్లయినా విప్పలేదు. తల్లికీ కూతురికీ మధ్య కూడా తిరిగే ఓపిక అతనికి లేదు.

“అమ్మా, దానికి నోరెక్కువ. వదిలెయ్,” అన్నాడు గోడకేసి చూస్తూ.

“ఆ నోట్లోకి మాటలు వాటంతటవే రావులే. ఎవరో అందిస్తేనే వస్తాయి.”

ఆ దెబ్బ ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. అందించడమన్న మాట కోడలు టీచరమ్మ వృత్తిలో మాట. ఇంట్లో అందరికీ ఆ మాట నేర్పింది ఆమే.

ఆమె బళ్ళో టీచరు కాదు. పక్షవాతం వచ్చో, తలకి దెబ్బ తగిలో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట తెప్పించడం ఆమె పని. పగలు క్లినిక్కులో, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో, పడకగదిలో, లాప్‌టాప్ ముందు. బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తుంది కాబట్టి రోగులు టీచరుగారూ అంటారు. ఆ ఒక్క పిలుపు పిలవడానికి కొందరికి ఆరేసి నెలలు పట్టింది. అందుకే ఆమెకి అదంటే ముద్దు.

“ఆరూ నలభై అయింది,” అంది టీచరమ్మ, జవాబు చెప్పాల్సిన చోట. “బుట్ట తీసుకురా.”

పిడుగు మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళి వెదురుబుట్ట తెచ్చింది.

మూడు వారాలుగా ఆ ఇంటి చట్టం ఇది. ఏడు కాకుండా అందరి ఫోన్లూ బుట్టలో పడాలి. టీవీ ఆపాలి. ఎనిమిది దాకా ఎవరూ నెట్ ముట్టుకోకూడదు. ఉన్న నెట్ అంతా టీచరమ్మదే. చట్టం చేసింది అత్తగారే. “ఎవరో మాట పోయి కూర్చుంటే మనకి గంటసేపు ఫోను లేకపోతే ఏం కొంప మునిగింది?” అంది ఆవిడ మొదటిరోజు. అప్పటినుంచీ మొట్టమొదట తన ఫోను తెచ్చి పెట్టేది కూడా ఆవిడే.

భర్త తన ఫోను వేశాడు. పిడుగు, కన్నబిడ్డని అత్తారింటికి పంపుతున్నట్టు ముఖం పెట్టి, తనది వేసింది. టీచరమ్మ తనదీ వేసింది. అత్తగారి ఫోను అప్పటికే లోపలుంది. ఆవిడ బుట్టని రెండు చేతులా పట్టుకుని వెళ్ళి, ఫ్రిజ్జు పక్కన స్విచ్చుబోర్డు దగ్గరున్న అరలో పెట్టి, తన ఫోనుకి ఛార్జరు తగిలించి, పైన తుండుగుడ్డ కప్పింది. రోజూ అంతే శ్రద్ధ.

అయినా నెట్ రాలేదు. ఒకరోజు బొమ్మ వస్తే మాట రాదు, మరోరోజు మాట వస్తే బొమ్మ రాదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి తేనె పూసిన గొంతుతో, “సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా వాడకం ఎక్కువండీ, కొంచెం సర్దుకోవాలి,” అంటుంది. వైఫై డబ్బాని బీరువా మీంచి కిటికీలోకి, కిటికీలోంచి టీవీ పక్కకి, పిల్లి పిల్లల్ని ఇళ్ళు తిప్పినట్టు తిప్పారు. పైవాటా వాళ్ళు పాస్‌వర్డు కొట్టేశారేమోనని రెండు రోజులు వాళ్ళతో ముభావంగా ఉన్నారు. తీరా చూస్తే వాళ్ళదీ ఇదే ఏడుపు. ఫోన్లోని డేటాతో కలుపుదామంటే ఆ ఇంట్లో సిగ్నలు రెండు గీతలు దాటదు.

ఇవాళ ఎలాగైనా రావాలి. ఇవాళ రాకపోతే డ్రైవరుగారు దక్కరు.

డ్రైవరుగారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపినాయన. అయిదు నెలల కింద మాట పడిపోయింది. ఉండేది మరో ఊళ్ళో. ఆ ఊళ్ళో ఈ పని తెలిసినవాళ్ళు లేరు. ఆయన్ని చూసుకునేది కూతురు. ఆమె కుట్టుమిషను దుకాణం కట్టేసి ఇంటికి చేరేది ఆరున్నరకి. అందుకే ఏడింటి పాఠం.

గత మంగళవారం ఆ పాఠంలో టీచరమ్మ ఒక తప్పు చేసింది.

మాట పోయినవాళ్ళకి మాట అందించకూడదు. వెతుక్కోనివ్వాలి. బొమ్మ చూపించి, లోపల పదిహేను అంకెలు లెక్కపెట్టుకుంటూ, నవ్వుముఖంతో ఆగాలి. ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోవడమే ఆమె విద్యలో సగం. ఆ రోజు గొడుగు బొమ్మ చూపించింది. పదిహేను దాటింది, ముప్పై దాటింది. తెర మీద డ్రైవరుగారు కదల్లేదు. కనురెప్ప వేయలేదు. ఎప్పటిలాగే నెట్ బిగుసుకుపోయిందనుకుంది. కట్ చేసి మళ్ళీ కలిపింది.

నెట్ బిగుసుకోలేదు. ఆయన వెతుక్కుంటున్నారు. అయిదు నెలల తరవాత పెదవులు గుండ్రంగా చుట్టి, ‘గొ’ అనబోయే సమయానికి టీచరుగారు మాయమైపోయారు. ఆ తరవాత రెండు పాఠాల్లోనూ ఆయన తెరవైపు ముఖం తిప్పలేదు.

పొద్దున్న కూతురు ఫోన్ చేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“మా నాన్న నోరు తెరిచేసరికి మీరు ఫోను పెట్టేశారండీ. మీ తప్పని అనను. కానీ ఇవాళ కూడా ఇలాగే అయితే ఇక వద్దు టీచరుగారూ. ఉన్నదాంతో సరిపెట్టుకుంటాం. మాటిమాటికీ ఆశపెట్టి కిందపడెయ్యకండి ఆయన్ని.”

ఒక్కటడిగింది టీచరమ్మ. ఇవాళ ఆయన వెనక గోడకి సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి తగిలించమని. ముల్లు తిరుగుతుంటే ఆయన వెతుక్కుంటున్నట్టు. ముల్లు ఆగితే నెట్ ఆగినట్టు. ఇంత చిన్న సంగతి వారం ముందు తట్టనందుకు తన తల తానే మొట్టుకుంది.

ఏడయింది. ఆమె పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

“వినపడుతోందాండీ?”

“ఆఁ... ఆఁ... వస్తోంది. మీకు వినపడుతోందా?” అంది డ్రైవరుగారి కూతురు.

“వినపడుతోంది. కనపడుతున్నానా?”

“కనపడుతున్నారు. మాట ఆగి ఆగి వస్తోంది. ఇప్పుడు వినపడుతోందా?”

ఏ పాఠమైనా ఇలాగే మొదలవుతుంది. పాఠం నడుస్తున్నంతసేపూ ఈ మాటే. ఒక్కోరోజు బొమ్మల పేర్లకన్నా ఇదే ఎక్కువసార్లు దొర్లుతుంది.

డ్రైవరుగారు కుర్చీలో పక్కకి తిరిగి కూర్చున్నారు. శుభ్రంగా గడ్డం గీసి, చొక్కా మార్చి కూర్చోబెట్టింది కూతురు. ఆయన వెనక గోడ మీద గుండ్రటి గడియారం. ఎర్రటి సెకన్ల ముల్లు. తిరుగుతోంది.

“నమస్కారమండీ,” అంది టీచరమ్మ.

ఆయన చూడలేదు.

“మొన్న నేను పొరపాటు చేశానండీ. మీరు మాట వెతుక్కుంటుంటే నేను నెట్ ఆగిందనుకుని పెట్టేశాను. మీరు మాట్లాడబోతుంటే లేచి వెళ్ళిపోయినట్టే అది. ఎవరికైనా కోపం వస్తుంది. నాకైతే రెండు రోజులు నిద్రపట్టలేదు.”

ముల్లు తిరుగుతోంది. ఆయన మెడ కాస్త ఇటు కదిలింది. ఒక కంటితో చూశారు, అద్దంలోంచి వెనకసీటు వాళ్ళని చూసినట్టు.

ఆమె గొడుగు బొమ్మ పైకెత్తింది. ఒకటి, రెండు, మూడు. ముల్లు తిరుగుతోంది. తొమ్మిది, పది. ఆయన చూపు బొమ్మ మీదికి వచ్చింది. గొంతు దగ్గర ఏదో కదిలింది.

ముల్లు ఒక్కసారిగా అయిదు సెకన్లు గెంతింది. తరవాత ఆగిపోయింది.

“వినపడుతోందాండీ?” అంది ఆమె. “అమ్మా, వినపడుతోందా?”

ఏడూ పదమూడు చూపిస్తూ గడియారం బిగుసుకుపోయింది. డ్రైవరుగారు సగం తెరిచిన నోటితో అలాగే ఉండిపోయారు. ఆ నోరు ఇప్పుడు ఏమంటోందో, ఎవరి కోసం అంటోందో. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఏడవడానికి కూడా ఓపిక లేదనిపించింది ఆమెకి.

హాల్లో బల్ల మీదున్న మామూలు ల్యాండ్‌లైను ఫోను మోగింది. లేచి వెళ్ళి ఎత్తింది.

“ఆగిపోయిందండీ,” అంది డ్రైవరుగారి కూతురు. గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. “ఇటు తిరిగి కూర్చున్నాడు. నోరు కూడా కదిలించాడు. ఏం చెయ్యమంటారు?”

“ఒక్క అయిదు నిమిషాలు. అయిదంటే అయిదే. ఆయన్ని లేవనివ్వకండి. గడియారం అలాగే ఉండనివ్వండి.”

“అయిదు నిమిషాలు చూస్తానండీ,” అని పెట్టేసింది ఆమె.

హాల్లో ముగ్గురూ ఉత్త చేతులతో కూర్చునున్నారు. ఫోన్లు లేని మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి, లేదా గోడ చూడాలి. ముగ్గురూ గోడే చూస్తున్నారు.

“మళ్ళీనా?” అన్నాడు భర్త.

ఆమె తలూపింది.

అతను లేచి టీవీ పక్కనున్న వైఫై డబ్బా ముందు వంగాడు. చాలాసేపు అలాగే చూశాడు. మెకానిక్కులకి బాధపడటంకన్నా చూడటం బాగా వచ్చు.

“ఇదేంటి,” అన్నాడు. “నీ పాఠం ఆగిపోయిందన్నావు. మేమెవ్వరం వాడటంలేదు. మరి ఈ దీపాలు ఇంత గబగబా కొట్టుకుంటున్నాయేంటి?”

“అవి ఎప్పుడూ కొట్టుకుంటాయి నాన్నా.”

“కాదే. లిఫ్టులో మనిషి లేకుండా అది పైకీ కిందకీ తిరుగుతోందంటే, ఎక్కడో ఎవరో బటన్ నొక్కుతున్నట్టు. ఎవరు నొక్కుతున్నారు?”

పిడుగు ఒక క్షణం ఆలోచించింది. ఆ పైన ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళి తుండుగుడ్డ లాగింది.

“అమ్మా! నాన్నమ్మ ఫోను పెనంలా కాలుతోంది!”

“దాన్ని ముట్టుకోకు!” అని అత్తగారు వేసిన కేకకి అందరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ అంత గట్టిగా అరవగలదని ఆవిడకి కూడా తెలిసినట్టు లేదు.

పిడుగు ముట్టుకోలేదు. వంగి తెర మీదున్నది చదివింది. “నాలుగు వందల పన్నెండు వీడియోల్లో... మూడు వందల పదకొండు వెళ్ళాయి. వెళ్తూనే ఉన్నాయి. నాన్నమ్మా, ఇది ఎక్కడికి పంపుతోంది? ఎవరు పెట్టారు దీన్ని?”

“ఫోన్ల షాపతను,” అంది అత్తగారు. గొంతు మళ్ళీ చిన్నదైపోయింది. “మూడు వారాల కింద మెట్ల మీద జారి కిందపడింది. తెర వేలికి పలకడం మానేసింది. ఇది ఎక్కువకాలం బతకదు, లోపలున్నవి నెట్‌లో దాచుకోండి అని ఏదో నొక్కి ఇచ్చాడు. ఛార్జింగులో పెట్టినప్పుడల్లా దానంతటదే వెళ్తుందన్నాడు.”

“మూడు వారాలుగానా?”

“మొన్న గురువారం మళ్ళీ పట్టుకెళ్ళి చూపించా. ఇంకా అవ్వలేదేంటని. ఇప్పుడిక వీడియోలు వెళ్తుండగా ఛార్జింగ్ తీస్తే ఆరిపోతుంది, ఆరిపోతే మళ్ళీ వెలుగుతుందని చెప్పలేనన్నాడు.”

పిడుగు నోరు తెరిచింది, మూసింది. గురువారం ఇంట్లో లేనిది నాన్నమ్మ పాదం కాదు, నాన్నమ్మ ఫోను.

“మరి బుట్టలో వెయ్యమన్నది నువ్వేగా అమ్మా,” అన్నాడు కొడుకు నెమ్మదిగా. “ఎవరూ వాడకూడదని.”

“నేను వాడానా? ముట్టుకోనేలేదే! తుండుగుడ్డ కూడా కప్పానే!”

ఎవరూ నవ్వలేదు. ఇంకో రోజయితే నవ్వేవారు. మూడు వారాలుగా ఈ ఇంట్లో అందరికన్నా నిష్ఠగా చట్టం పాటించింది ఆవిడే. పూటపూటా నెట్‌ని మింగుతున్న దాన్ని ఆవిడే ఛార్జింగ్ పెట్టి పడుకోబెట్టింది.

“డబ్బా ఆపి మళ్ళీ వేస్తే?” అన్నాడు భర్త.

“పాస్‌వర్డు దానికి తెలుసు నాన్నా, మళ్ళీ ఎక్కుతుంది. మార్చాలంటే కాగితం వెతకాలి, అన్నీ మళ్ళీ కలపాలి. పావుగంట.”

పావుగంట లేదు. రెండు నిమిషాలు అప్పుడే అయిపోయాయి.

“ఏం వీడియోలు అత్తయ్యా అవి?” అంది టీచరమ్మ. అడుగుతూండగానే ఆమెకి తెలిసిపోయింది.

“నువ్వు తియ్యమన్నవే,” అంది అత్తగారు.

రెండేళ్ళ కింద పోయాడు మామగారు. అంతకుముందు ఏడాదిన్నర మాట లేకుండా ఇదే హాల్లో, ఆ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరందరికీ మాట తెప్పించే కోడలు ఇంట్లో ఉండి, మామగారి నోట ఒక్క ముక్క తెప్పించలేకపోయింది. ‘రోజూ పది నిమిషాలు వీడియో తియ్యండి అత్తయ్యా, మార్పు తెలుస్తుంది,’ అని చెప్పింది ఆమే. మొదటి మూడు నెలలు రోజూ చూసింది. తరవాత వారానికొకటి. ఆ తరవాత ఒకరోజు, చేతులు కడుక్కుంటూ, ‘ఇక రాదు అత్తయ్యా, ఆయన్ని కష్టపెట్టొద్దు,’ అంది. వృత్తిలో పదిమందికి చెప్పే మాటే, అదే గొంతుతో. ఆ రోజునుంచీ ఇద్దరాడవాళ్ళ మధ్యా అవసరానికి మించి మాట లేదు. అత్తగారు మాత్రం వీడియోలు తియ్యడం ఆపలేదు. అది కోడలికి ఇవాళే తెలిసింది.

మామూలు ఫోను వైపు చూసింది టీచరమ్మ. అయిదు నిమిషాలు అయిపోవచ్చాయి. తరవాత వేడెక్కిన ఫోను వైపు చూసింది.

“ఉండనివ్వండి అత్తయ్యా,” అంది. “వాళ్ళకి నేను చెప్తాను. ఇవాళ కుదరదని చెప్తాను.”

“చెప్తే?”

“మానేస్తారు. ఏం చేస్తాం.”

అత్తగారు లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని, నెమ్మదిగా. అర దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“నోరు తెరిచిన మనిషిని మళ్ళీ అలా వదిలేసి వచ్చి, ఈ ఇంట్లో ఎట్లా తిరుగుతావు నువ్వు? ఇప్పటికే సరిగ్గా తినడం లేదు,” అంది, కోప్పడుతున్నట్టు.

“అత్తయ్యా, వద్దు...”

ఆవిడ ఛార్జరు పీకేసింది. తెర ఒకసారి మెరిసి, నల్లబడింది.

టీవీ పక్కన డబ్బా దీపాలు గబగబా కొట్టుకోవడం మానేసి, ఆగి ఆగి మినుకుమనడం మొదలుపెట్టాయి.

“పో,” అంది అత్తగారు, ఫోను రెండు చేతుల మధ్యా పట్టుకుని. “నిలబడతావేం? పో!”

ముల్లు తిరుగుతోంది. గెంతకుండా, తడబడకుండా, ఒక్కొక్క సెకనూ తిరుగుతోంది. డ్రైవరుగారు తెరకి ఎదురుగానే ఉన్నారు. కూతురు ఆయన భుజం మీద చెయ్యి వేసి పట్టుకునుంది, లేవకుండా.

టీచరమ్మ గొడుగు బొమ్మ ఎత్తింది.

ఒకటి. రెండు. మూడు.

ముల్లు సగం చుట్టు తిరిగింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. పోయినసారి ఇక్కడే ఆమె ఓర్పు అయిపోయింది. ఈసారి ముల్లునే చూస్తూ కూర్చుంది. నలభై. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. యాభై. పెదవులు కదిలాయి. గుండ్రంగా చుట్టలేదు. పై పళ్ళు కింది పెదవికి తగిలాయి.

“వి...”

గొడుగు కాదు. అయినా టీచరమ్మ ఆగింది.

“విన...” అన్నారు డ్రైవరుగారు. గొంతు తుప్పుపట్టిన గేటులా ఉంది. మెడ నరాలు పొంగాయి. “వినప... వినపడు... తోందా?”

కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

“వినపడుతోందండీ,” అంది టీచరమ్మ. ఇన్నాళ్ళూ ఎన్ని వందలసార్లు అన్న మాటో అది. మళ్ళీ అంది. “చాలా బాగా వినపడుతోందండీ.”

“వినపడుతోందా?” అన్నారు ఆయన మళ్ళీ, ఈసారి కూతురి వైపు తిరిగి. ఇంకోసారి, గడియారం వైపు చూసి. చెయ్యి హారన్ మీంచి తియ్యలేని కుర్ర డ్రైవరులా అదే మాట అంటూ కూర్చున్నారు. గొడుగు చూపిస్తే వినపడుతోందా అన్నారు, చెప్పు చూపిస్తే వినపడుతోందా అన్నారు. అని, ఆ తప్పు తనకే తెలిసి, ఒకవైపు పెదవితో నవ్వారు. మూడు వారాలుగా చెడిపోయిన నెట్ ఆయనకి నేర్పిన పాఠం అదొక్కటే. అదైనా నేర్పింది.

ఎనిమిదికి కూతురు ముఖం తుడుచుకుని తెర ముందుకి వచ్చింది. “గురువారం కూడా ఏడింటికేగా టీచరుగారూ?”

“ఏడింటికేనమ్మా.”

“గడియారం తియ్యనులెండి. అక్కడే ఉంచుతా.”

తలుపు తీసేసరికి అత్తగారు గుమ్మం పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచీ ఉందో. చేతిలో ఫోను.

“విన్నాను,” అంది. “ఏమడిగాడో విన్నాను.”

“మీవల్లే అత్తయ్యా.”

“నావల్ల మూడు వారాలు ఆగింది కూడా.”

ఆవిడ ఫోనుకి ఛార్జరు పెట్టి చూసింది. వెలగలేదు. కొడుకు తీసుకుని పక్క బటను నొక్కి పట్టుకున్నాడు. పదిసార్లు చూశాడు. లిఫ్టు తలుపు తెరవలేనప్పుడు లోపలున్నవాళ్ళకి ధైర్యం చెప్పే ముఖం పెట్టి, “రేపు షాపుకి తీసుకెళ్తానులే అమ్మా,” అన్నాడు. ఆ ముఖం ఆవిడకి తెలుసు.

“చాలావరకు వెళ్ళిపోయాయి నాన్నమ్మా, మూడొందల పదకొండు,” అంది పిడుగు. పాపం, ఆ పిల్ల గంటనుంచీ ఏదో ఒక మంచిమాట కోసం వెతుక్కుంటోంది.

“నాకు అన్నీ అక్కర్లేదే. ఒకటి చాలు.”

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. రెండేళ్ళుగా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు.

“మీ మామగారు మాట్లాడారు,” అంది, కోడలి ముఖం చూడకుండా.

టీచరమ్మకి మొదట అర్థం కాలేదు.

“పోయే ముందు. తొమ్మిది రోజుల ముందు. సాయంత్రం. నువ్వు క్లినిక్కునుంచి రాలేదు ఇంకా. నీ పేరెత్తి మాట్లాడారు. తీసేసరికి నా చెయ్యి ఊగిపోయింది గానీ, మాట స్పష్టంగా పడింది.”

“అత్తయ్యా... రెండేళ్ళయింది.”

“మొదట కోపంతో చెప్పలేదు. ఇక రాదని నువ్వు చేతులు కడిగేసుకున్నావు కదా, నీకెందుకు చెప్పాలనుకున్నా. తరవాత జాలేసి చెప్పలేదు. నీ మాట తప్పయిందని తెలిస్తే, ఇంకో రోగి ముందు ఎట్లా కూర్చుంటావు? అలా అలా ఉండిపోయింది.”

భర్త తల్లిని చూశాడు, భార్యని చూశాడు. ఏదో అనబోయి, గోడకేసి తిరిగాడు.

“ఏమన్నారు?” అంది టీచరమ్మ. “మామయ్య నన్ను ఏమన్నారు అత్తయ్యా?”

అత్తగారు తలెత్తి చూసింది. కోపంలేదు ఆ ముఖంలో. అలసట ఉంది, ఇంకేదో ఉంది.

“నేను చెప్పను. మాట అందించకూడదని నువ్వేగా చెప్పావు. ఆయన నోటివెంటే వినాలి నువ్వు.”

“నాన్నమ్మా,” అంది పిడుగు. బుట్టలోంచి తన ఫోను తీసి అప్పటికే ఏదో నొక్కుతోంది. “నీ అకౌంటు పెట్టింది నేనేగా. నా ఫోన్లో కూడా తెరవచ్చు. ఏ వరసలో వెళ్ళాయో తెలీదు. తేదీ చెప్పు.”

అత్తగారు తేదీ చెప్పింది. నెలా, రోజూ, వారం కూడా. ఆలోచించకుండా. ఆ రోజు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీశానంది.

పిడుగు వేలు తెర మీద కిందికీ పైకీ జారింది. ఆగింది. “ఆ రోజువి రెండన్నావు. ఒకటి వెళ్ళింది. ఒకటి లేదు. ఏది వెళ్ళిందో...”

“పొద్దుటిదా, సాయంత్రందా?”

“టైము కనపడటం లేదు, తెరుచుకోవాలి నాన్నమ్మా. తెరుచుకుంటే గాని తెలీదు.”

నలుగురూ ఆ చిన్న తెర మీదికి వంగారు. ఎనిమిదిన్నర. వీధి వీధంతా భోజనాలు చేసి ఫోన్లు పట్టుకునే వేళ. నల్లటి తెర మధ్య చిన్న చక్రం పుట్టి, తిరగడం మొదలుపెట్టింది.

భర్త వెళ్ళి డబ్బా కాస్త ఇటు జరిపాడు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది, ఎందుకు పట్టుకుందో ఇద్దరూ చూసుకోలేదు.

టీచరమ్మ లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదిహేను దాటింది. ముప్పై దాటింది. చక్రం తిరుగుతూనే ఉంది.